అరకు వెళ్లే రోజే స్కూబా పెట్టుకోకండి

జనవరిలో నలుగురూ మూడు రోజులకు వైజాగ్ వస్తున్నామని రాశారు. మొదటి రోజు పొద్దున రుషికొండ బీచ్‌లో స్కూబా (గాలి ట్యాంకు కట్టుకుని నీటి అడుగుకు దిగడం), భోజనం కాగానే అరకు, మూడో రోజు సాయంత్రం విమానం. ఎవరికీ ఈత రాదు, స్కూబా మంచిదా, లేక గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటిపైనే తేలుతూ కిందికి చూసే స్నార్కెలింగా అని అడిగారు. ముందు ఆ అరకు సంగతి చెప్తాను.

నీళ్లలో ట్యాంకు గాలి పీలుస్తున్నంతసేపూ ఒంట్లో నైట్రోజన్ చేరుతుంది. పైకి వచ్చాక అది మెల్లగా బయటకు పోవాలి. ఈలోగా ఎత్తుకు వెళితే గాలి ఒత్తిడి తగ్గి, అది బుడగలు కట్టే ప్రమాదం ఉంది. అందుకే విమానం ఎక్కే ముందు, ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువైతే 18 గంటలు ఆగమంటారు. ఘాట్ రోడ్డుకూ ఇదే వర్తిస్తుందని చాలామందికి తట్టదు. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, దారిలో గాలికొండ ఇంకా ఎత్తు. డైవ్ అయ్యాక ఆ రోజంతా ఊళ్లోనే ఉండండి, ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ పిల్లలకు చూపించండి. అరకుకు రెండో రోజు పొద్దున బయలుదేరితే చాలు.

ఇక ఎవరితో వెళ్లాలనేది. నేను మొదటిసారి దిగిన రోజు నాకు జలుబు. డబ్బు కట్టించుకున్నవాళ్లు వీడియో కావాలా అన్నారు గానీ ఆరోగ్యం గురించి ఒక్క మాట అడగలేదు. మూడు నాలుగు మీటర్లు దిగేసరికి కుడి చెవిలో సూది గుచ్చినట్టు నొప్పి. ముక్కు మూసుకుని గాలి ఊదమని సైగ చేశారు, ఊదాను, జలుబుతో చెవి తెరుచుకుంటేగా! పైకి తీసుకెళ్లమని చెప్పడానికి మొహమాటపడ్డాను. తర్వాత రెండు వారాలు ఆ చెవిలో దూది కుక్కినట్టే ఉంది, ఈఎన్‌టీ డాక్టర్ చుట్టూ తిరిగాను.

రెండేళ్ల తర్వాత మా తమ్ముడి బలవంతం మీద వేరేవాళ్ల దగ్గరికి వెళ్లాం. ఆస్తమా ఉందా, గుండె జబ్బు ఉందా, చెవికి ఆపరేషన్ అయిందా అని కాగితం మీద వరసగా రాయించుకున్నారు. ముందురోజు వాన పడింది. "నీళ్లు మట్టిగా ఉన్నాయమ్మా, దిగినా మీ చెయ్యి మీకే కనబడదు, రేపు రండి" అని పైసా తీసుకోకుండా పంపేశారు. అక్కడే వాళ్ల మీద నాకు గురి కుదిరింది. మర్నాడు లోతు లేని చోట నిలబెట్టి, మాస్కులోకి నీళ్లొస్తే ఎలా పంపాలో, ఊపిరి ఎందుకు బిగబట్టకూడదో నేర్పించాకే బోటెక్కించారు. మనిషికొక ఇన్‌స్ట్రక్టర్. కింద రాళ్ల సందుల్లోంచి చారల చేపల గుంపు నా మొహం ముందునుంచి వెళ్లింది. చెవి నొప్పి పెడుతుందేమోనన్న భయం అప్పటికి పూర్తిగా మరిచిపోయాను.

ఈత రాకపోయినా ఇలాంటి చోట మీరిద్దరూ, మీ పద్నాలుగేళ్ల అబ్బాయీ దిగొచ్చు. కొత్తవాళ్లను 12 మీటర్లకు మించి దింపకూడదు. ఎనిమిదేళ్ల పాపను మాత్రం సముద్రంలో దింపనివ్వకండి, పదేళ్లు నిండాలి. ఎవరైనా "ఏం పర్లేదు మేడమ్" అంటే అక్కడినుంచి వచ్చేయండి. మీరిద్దరూ ఒకరి తర్వాత ఒకరు దిగితే, పాప దగ్గర ఒడ్డున ఒకరు ఉంటారు.

స్నార్కెలింగ్‌కు ఇక్కడ డబ్బు పెట్టొద్దని నా సలహా. మన తీరంలో కెరటాల తాకిడికి ఒడ్డు దగ్గర ఇసుక లేస్తూనే ఉంటుంది, పైనుంచి చూస్తే పెద్దగా ఏమీ కనబడదు. ఆ సరదా అండమాన్‌లో తీర్చుకోండి, అక్కడ నడుం లోతు నీళ్లలోనే పగడాలు కనిపిస్తాయి.

ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి రెండే అడగండి: నీళ్లు ఎలా ఉన్నాయి, బాగోకపోతే డబ్బు వెనక్కిస్తారా. బాగోలేదంటే మొదటి రోజే అరకు వెళ్లి రాత్రికి తిరిగొచ్చేయండి. రెండో రోజు పొద్దున్నే డైవ్ చేసినా మీ విమానానికి బోలెడు టైముంటుంది.