ఎక్కడికి పంపారో దాచండి, ఎంతకి కొన్నారో చెప్పండి

అమలాపురం

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు ఉక్రెయిన్ రాజధాని కీవ్ వెళ్తున్నావని, అక్కడ ఒక సహాయ సంస్థలో కొనుగోళ్ల లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగమని మీ నాన్న చెప్పాడు. మీ అమ్మ టెన్షన్ పడుతోందంటే ఆశ్చర్యం లేదు. 2022లో అక్కడ మెడిసిన్ చదువుతున్న మన గోదావరి జిల్లాల పిల్లలు ఆపరేషన్ గంగ విమానాల్లో దిగేదాకా ఇక్కడ వాళ్ళ ఇళ్లలో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. అయినా నిన్ను వెళ్ళొద్దని నేను అనను. బాంబులు పడుతున్న దేశానికి డాక్టర్లు ఎంత అవసరమో, లెక్క అడిగేవాళ్ళూ అంతే అవసరం. నా సర్వీసంతా స్థానిక సంస్థల లెక్కలు చూసే లోకల్ ఫండ్ ఆడిట్‌లో గడిచింది. యుద్ధం చూడలేదు గానీ వరదలు, తుపాన్లు చూశాను. ఆ అనుభవంలో నీకు పనికొచ్చేది ఉంటే తీసుకో.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరికి 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఏటిగట్టు మీద నీళ్లు పొర్లుతుంటే ఇసుక బస్తాలకి టెండర్ పిలిచి, మూడు కొటేషన్లు తెప్పించుకుని కూర్చోమని ఏ ఆడిటరూ అనడు. ఎవరి దగ్గర ఉంటే వాళ్ళ దగ్గర, నామినేషన్ మీద కొంటారు. కొనాలి కూడా. 1996 నవంబర్ తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని నేలమట్టం చేసినప్పుడూ అంతే. కాబట్టి ఆపదలో కొనేముందు పాటించే నిబంధనలు సడలించారంటే తప్పు పట్టకు. కొన్నాక రాయాల్సిన కాగితం విషయంలో మాత్రం సడలింపు ఒప్పుకోకు. టెండర్ లేకపోయినా వోచర్ ఉండాలి, స్టాక్ రిజిస్టర్ ఉండాలి, సరుకు దింపుకున్నవాడి సంతకం, తేదీ ఉండాలి. డబ్బు తినాలనుకున్నవాడు ఈ రెండిటినీ కలిపేస్తాడు. "అప్పుడు రాసుకునే టైమ్ ఎక్కడిది సార్?" అంటాడు. కంట్రాక్టర్ బిల్లు పాస్ చేయడానికి టైమ్ దొరికినప్పుడు, సరుకు అందిందని ఒక లైను రాయడానికి దొరకలేదంటే నమ్మకు.

ఒక వరద తర్వాత లంక గ్రామాలకి పంచిన టార్పాలిన్ల బిల్లులు నా టేబుల్ మీదికి వచ్చాయి. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి, ఎక్కడా దిద్దుబాటు లేదు. లారీ ట్రిప్పుల తేదీలు మాత్రం అనుమానంగా అనిపించాయి. ఆ తేదీల్లో ఆ ఊరి రోడ్డు నీళ్ల కింద ఉంది, పడవ తప్ప ఇంకో దారి లేదు. రేవు దగ్గర టీ కొట్టు ఆయన్ని అడిగితే, ఆ వారం లారీ అనేదే ఇటు రాలేదన్నాడు. నేను అదే ఆడిట్ పేరాగా, అంటే అభ్యంతరంగా, రాస్తే ఒక అధికారికి బాగా కోపం వచ్చింది. ప్రాణాలకి తెగించి పనిచేసినవాళ్ళని అవమానిస్తున్నారు అన్నాడు. ప్రాణాలకి తెగించింది పడవల మీద తిరిగిన జాలర్లు, నడుంలోతు నీళ్లలో అన్నం పొట్లాలు మోసిన కుర్రాళ్ళు. బిల్లు పెట్టినవాడు వాళ్ళలో లేడు. ఇదే మాట నీకు అక్కడ ఇంకా గట్టిగా వినిపిస్తుంది. సరిహద్దులో సైనికులు చనిపోతుంటే నువ్వు గుడ్ల లెక్క అడుగుతావా అంటారు.

నువ్వు అడగాల్సింది ఆ గుడ్ల లెక్కే. 2023 జనవరిలో యూరీ నికోలోవ్ అనే ఉక్రెయిన్ జర్నలిస్టు రక్షణ శాఖ ఆహార కాంట్రాక్టు ఒకటి బయటపెట్టాడు. అందులో సైన్యానికి కొనే కోడిగుడ్డు ఒక్కోటి 17 హ్రివ్నియాలు (అది వాళ్ళ కరెన్సీ). ఆ రోజుల్లో కీవ్ దుకాణాల్లో గుడ్డు సుమారు 7 హ్రివ్నియాలు. అంత పెద్ద ఎత్తున కొనేవాడికి చిల్లర ధర కంటే తక్కువ పడాలి, వీళ్ళకి రెట్టింపు దాటింది. శాఖ మొదట సాంకేతిక పొరపాటు అంది. కొద్ది రోజుల్లోనే సరఫరాలు చూసే ఉపమంత్రి వ్యాచెస్లావ్ షపోవలోవ్ రాజీనామా చేశాడు. ఇలాంటి వివాదాల మధ్యే ఆ సెప్టెంబర్‌లో రక్షణ మంత్రి కూడా మారాడు. అంతకంటే ముఖ్యమైంది, ఆయుధాలు కాని కొనుగోళ్లలో, అంటే తిండి, బట్టల్లాంటి వాటిలో, ధరలు ప్రజలకి కనిపించాలని చట్టం తెచ్చారు. క్షిపణుల గురించి ఒక్క ముక్క బయటపెట్టకుండానే ఇదంతా జరిగింది.

మన అనపర్తి, తణుకు వైపు కోళ్లఫారాల వాళ్ళకి పొద్దున్నే నెక్ (గుడ్ల సమన్వయ కమిటీ) ప్రకటించే గుడ్డు రేటు తెలిసిపోతుంది. వాళ్ళలో ఎవరికైనా ఆ కాంట్రాక్టు చూపించి ఉంటే ఒక్క నిమిషంలో పట్టేసేవారు. నువ్వూ అక్కడ దిగిన మొదటి వారంలోనే బజారుకి వెళ్ళు. గుడ్డు, బంగాళాదుంప, డీజిల్, దుప్పటి, చలికోటు, చిన్న జనరేటర్, అన్నిటి ధరలూ తేదీ వేసి రాసుకో. రెండు నెలలకోసారి మళ్ళీ వెళ్ళు. ఆఫీసులో ఇచ్చే రేట్ల పట్టిక ఎవరు తయారుచేశారో నీకు తెలియదు. నీ పుస్తకం నువ్వు రాసుకున్నది. ప్రొజోరో అని వాళ్ళకి ఆన్‌లైన్ టెండర్ల వ్యవస్థ ఉంది, 2016 నుంచి ప్రభుత్వ కొనుగోళ్లన్నీ అందులోనే జరగాలని నియమం. ఎవరు ఎంతకి కోట్ చేశారో ఎవరైనా చూడొచ్చు. యుద్ధం మొదలైన కొత్తలో దాన్ని పక్కన పెట్టి నేరుగా కొన్నారు, 2022 అక్టోబర్ కల్లా చాలావరకు మళ్ళీ అందులోకి తెచ్చారు. ఆ భాష కాస్త నేర్చుకుని అందులో వెతకడం అలవాటు చేసుకో. దుబాసీ మీద ఆధారపడే ఆడిటర్‌కి అతను చెప్పిందే తెలుస్తుంది.

ఇక అసలు విషయం. యుద్ధంలో దాచి తీరాల్సినవి ఉంటాయి, దాన్ని తేలిగ్గా తీసుకోకు. గోడౌన్ ఎక్కడుంది, ఏ దళానికి ఎన్ని డ్రోన్లు వెళ్ళాయి, ట్రక్కులు ఏ రాత్రి ఏ దారిలో కదులుతాయి, ఇవి బయటికి పొక్కితే మనుషులు చచ్చిపోతారు. నీ రిపోర్టులో ఇవి ఉండకూడదు. సరదాగా ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టినా నేరమే అనుకో. కానీ దుప్పటి ఎంతకి కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు, ఆ కంపెనీ వెనక ఎవరున్నారు అన్నది తెలిస్తే శత్రువుకి ఒరిగేదేమీ లేదు. రెండు రకాల సమాచారమూ ఒకే కాగితం మీద ఉండటంతో కాగితం మొత్తాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. వాటిని విడదీయడమే నీ ఉద్యోగంలో పెద్ద పని. మన సమాచార హక్కు చట్టంలో 10వ సెక్షన్ సరిగ్గా ఇదే చెబుతుంది, ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇవ్వాలి అని. 24వ సెక్షన్ నిఘా సంస్థలకి మినహాయింపు ఇస్తూనే, అవినీతి ఆరోపణలకి సంబంధించిన సమాచారాన్ని ఆ మినహాయింపులోంచి తప్పించింది. మన చట్టం అక్కడ చెల్లదు గానీ ఆ ఆలోచన ఎక్కడైనా చెల్లుతుంది. ఎవరైనా ఇది సీక్రెట్ అంటే గొడవపడకు. ఇందులో ఏ లైను సీక్రెట్ అని మర్యాదగా అడుగు. ఆ లైను నల్లసిరాతో కొట్టేసి మిగతాది ఇమ్మను. నిజంగా దేశం కోసం దాచేవాడు ఆ లైను వెంటనే చూపిస్తాడు. చూపించలేకపోయినవాడి ఫైలు ముందు చదువు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సెనేటర్ హారీ ట్రూమన్ పాటించింది కూడా ఇదే గీత. 1941లో రక్షణ కాంట్రాక్టుల మీద విచారణ కమిటీ పెట్టించి, యుద్ధం ఎలా చేయాలన్న దాని జోలికి మాత్రం వెళ్ళనని ముందే హద్దు గీసుకున్నాడు. అంతర్యుద్ధ కాలంలో వాళ్ళ పార్లమెంటు కమిటీ సేనాధిపతుల పనిలో తలదూర్చి చేసిన నష్టం ఆయనకి తెలుసు. నాసిరకం విమాన ఇంజన్లు, దుబారా కాంట్రాక్టులు బయటపడ్డాయి, యుద్ధమూ ఆగలేదు. మన దగ్గర కార్గిల్ కోసం హడావుడిగా కొన్న సరుకులో చాలా భాగం పోరాటం ముగిశాక గానీ చేరలేదని కాగ్ 2001లో తేల్చింది. అంత ఆలస్యంగా తెలిస్తే కొండమీద ఉన్న జవానుకి ఉపయోగం లేదు. అందుకే నీ పేరా ఏడాది చివరి రిపోర్టు కోసం దాచుకోకు. దుప్పట్లు పల్చగా ఉంటే చలికాలం రాకముందే రాయి.

ఒక్కో కుంభకోణం వెంట పడటం కంటే, అడిగే అధికారం ఎవరి చేతిలో ఉందో కనిపెట్టుకుని ఉండటం ఎక్కువ ముఖ్యం. ఉక్రెయిన్‌లో దర్యాప్తుకి నాబు, ప్రాసిక్యూషన్‌కి సాపో, విచారణకి ప్రత్యేక అవినీతి నిరోధక కోర్టు ఉన్నాయి. ఆ కోర్టు 2019లో పని మొదలుపెట్టింది. 2025 జూలై 22న నాబు, సాపోలని ప్రాసిక్యూటర్ జనరల్ కిందికి తెస్తూ పార్లమెంటు చట్టం చేసింది, అధ్యక్షుడు అదే రోజు సంతకం పెట్టాడు. రష్యా ప్రభావం తొలగించడానికే అన్నారు. ఆ రాత్రి నుంచే కీవ్, ల్వివ్, ఒడెసాల్లో జనం అట్టముక్కల మీద రాసుకుని రోడ్ల మీదికి వచ్చారు. పూర్తిస్థాయి యుద్ధం మొదలయ్యాక ప్రభుత్వం మీద అంత పెద్ద నిరసన అదే మొదటిది. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. యూరోపియన్ యూనియన్ కూడా గట్టిగా అడిగింది. జూలై 31న 331 ఓట్లతో ఆ సంస్థల స్వతంత్రత తిరిగి ఇచ్చారు. రెండు రోజులకే, డ్రోన్ల కొనుగోలులో కాంట్రాక్టు విలువలో 30 శాతం దాకా ముడుపులు నడిచాయంటూ ఆ రెండు సంస్థలూ కేసు బయటపెట్టాయి. జూలై 22 చట్టమే నిలిచి ఉంటే ఆ కేసు ఎక్కడికి పోయి ఉండేదో ఆలోచించు.

అంతకుముందు 2023లో అధికారుల ఆస్తుల వివరాలు ఇంకో ఏడాది జనానికి కనపడకుండా ఉంచాలని పార్లమెంటు చూస్తే, 80 వేల మందికి పైగా పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. అధ్యక్షుడు ఆ చట్టాన్ని వెనక్కి పంపాడు. సరిగ్గా అదే యుద్ధంలో అవతలి వైపు, రష్యాలో, 2022 డిసెంబర్‌లో అధికారుల ఆస్తుల వివరాలు ప్రచురించనక్కర్లేదని ఉత్తర్వు ఇచ్చారు. ఆ వివరాలు మళ్ళీ తెరవమని అడిగే చోటు అక్కడి జనానికి లేదు. పరాయి దేశస్థురాలివి, నిరసనల్లో నీకు పని లేదు. కానీ వాళ్ళ దర్యాప్తు సంస్థ మీ ఆఫీసుని రికార్డు అడిగిన రోజున అది చెదరకుండా, వరుసగా, తేదీలతో ఉండాలి. అది నీ చేతిలో పని.

ఇంకో విషయంలో నువ్వు గట్టిగా నిలబడాలి. అణు విద్యుత్ సంస్థ ఎనర్గోఆటమ్ కాంట్రాక్టర్ల దగ్గర 10 నుంచి 15 శాతం ముడుపులు వసూలు చేశారని 2025 నవంబర్‌లో నాబు ఆరోపించింది. కరెంటు కేంద్రాల మీద క్షిపణులు పడి జనం చీకట్లో ఉన్న రోజులవి. ఇద్దరు మంత్రుల పదవులు పోయాయి. అధ్యక్షుడి కార్యాలయ అధిపతి ఆండ్రీ యెర్మాక్ తన ఇంట్లో సోదాలు జరిగిన రోజే రాజీనామా చేశాడు. అది విని ఇక్కడ మన బంధువులే "అంత దొంగల దేశానికి సాయమెందుకు" అన్నారు. నాకు బాధేసింది. దొంగని పట్టుకున్నది కూడా ఆ దేశం వాళ్ళే, యుద్ధం నడుస్తుండగా, అధ్యక్షుడికి దగ్గరివాళ్ళని కూడా వదలకుండా. కేసులు పట్టుబడకుండా నిశ్శబ్దంగా ఉన్న ఆఫీసు శుభ్రంగా ఉందని నా సర్వీసులో నేనెప్పుడూ అనుకోలేదు.

అయితే నువ్వు రాసే ప్రతి మాటనీ శత్రువు ప్రచారానికి వాడుకుంటాడు. అలాగని రాయడం మానకు, కొలిచి రాయి. "భారీ అవినీతి" అని రాయకు. "ఈ తేదీన, ఈ వస్తువు, ఇంత ధర, ఆ రోజు బజారు ధర ఇంత, తేడా ఇంత" అని రాయి. ఆరోపణని ఆరోపణగా, తేలినదాన్ని తేలినట్టుగా రాయి. అవతలివాళ్ళ వివరణ పక్కనే పెట్టు, అది నీకు నచ్చకపోయినా సరే. అలా రాసిన పేరాని వక్రీకరించడం కష్టం, కొట్టేయడం ఇంకా కష్టం.

చివరగా మనుషుల సంగతి. నీకు నిజం చెప్పేది మంత్రులు కాదు, స్టోర్‌కీపర్లు, డ్రైవర్లు, వంటవాళ్ళు. వాళ్ళు చెప్పిన మాట రాసుకో గానీ పేరు నీ సొంత డైరీలో కూడా రాయకు. వాళ్ళు చెప్పినదానికి ఒక కాగితమో, ఇంకో మనిషో తోడు దొరికాకే రిపోర్టులో పెట్టు, అప్పుడు వేలు వాళ్ళ వైపు చూపించదు. సరుకు చూడటానికి ఒంటరిగా వెళ్ళకు. కాపీలు రెండు చోట్ల ఉంచు, ఒకటి ఆ దేశం బయట. సప్లయర్ ఇచ్చే టీ తాగు, భోజనం వద్దను. ఎవరైనా బెదిరిస్తే అదే రోజు రాతపూర్వకంగా పై ఆఫీసుకి చెప్పు, ధైర్యం చూపించడానికి దాచుకోకు.

సైరన్ మోగితే ఫైలు వదిలేసి షెల్టర్‌కి పరిగెత్తు. మీ అమ్మతో నేను రేపు మాట్లాడతాను. వెళ్ళే ముందు వీలైతే రెండు రోజులు ఇటు రా, స్టాక్ రిజిస్టర్‌కీ వోచర్లకీ ఎలా పొంతన చూస్తామో పాత నమూనాలు పెట్టి చూపిస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న