లా చదివి ఎమ్మెల్యే కావాలంటే...

ప్రశ్న: మా అబ్బాయి వరంగల్‌లో బీకాం ఫైనలియర్. లాయరై, తర్వాత ఎమ్మెల్యేగా నిలబడతానని పట్టుబట్టాడు. దారి ఏమిటి? గెలిస్తే ప్రాక్టీసు మానేయాలా? – ఒక తండ్రి

జవాబు: రెండోది ముందు చెప్తాను. మానేయక్కర్లేదండీ. జీతానికి పూర్తికాలం పనిచేసేవారు వకాలతు చేయరాదన్నది లాయర్ల నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ నిబంధన. చట్టసభల సభ్యులు ఆ కోవలోకి రారని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. మంత్రి అయితే మాత్రం నల్లకోటు పక్కన పెట్టాల్సిందే.

చదువు సంగతి తేలికే. లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరాలి. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. అందులో సగం న్యాయశాస్త్ర అభిరుచి మీదే కాబట్టి రాజ్యాంగంతో మొదలుపెట్టమనండి. తర్వాత బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంటు (లాయరుగా పేరు నమోదు), ఆలిండియా బార్ పరీక్ష. ఎన్‌రోల్‌మెంటు ఫీజు జనరల్‌కు రూ.750, ఎస్సీ, ఎస్టీలకు రూ.125 దాటకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు కష్టం జూనియర్‌గా ఉన్న రోజుల్లో. వాయిదాలు తీసుకోవడం, సర్టిఫైడ్ కాపీల కోసం తిరగడం, సాయంత్రం సీనియర్ ఆఫీసులో కేసు కట్టలు సర్దడం... చేతికొచ్చేది చాలామందికి పెట్రోలుకే సరి. పార్టీ సభల మోజులో కోర్టుకు ఎగ్గొట్టేది ఈ దశలోనే. పిలిచినప్పుడు ఎవరూ లేక కేసు కొట్టేస్తే ఆ క్లయింటు ఊరంతా చెప్తాడు. ఎమ్మెల్యే కావాలనుకుంటే హైకోర్టు కన్నా సొంత నియోజకవర్గం కేసులు వచ్చే కోర్టు మేలు. భూతగాదాలు, చెక్‌బౌన్సు, మనోవర్తి కేసులతో ఊళ్లు తెలుస్తాయి. ఫీజులతో ఇల్లు గడిచేదాకా టికెట్ మాటే వద్దు. లా చదివిన పీవీ కూడా 1952లో కరీంనగర్ లోక్‌సభకు ఓడి, 1957లో మంథని నుంచి అసెంబ్లీకి వెళ్లారు.

పోటీకి నామినేషన్ల పరిశీలన రోజుకు 25 ఏళ్లు నిండాలి, రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటుండాలి. వేరే నియోజకవర్గంలో ఓటుంటే అక్కడి ఓటర్ల జాబితా సర్టిఫైడ్ కాపీ జతచేయాలి. డిపాజిట్ రూ.10,000, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది పోయినట్టే. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒకరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలి. ప్రభుత్వ ప్లీడరు పదవిలో ఉంటే నామినేషన్‌కు ముందే రాజీనామా ఆమోదింపజేసుకోవడం క్షేమం.

నామినేషన్లు ఎక్కువగా దెబ్బతినేది ఆస్తులు, కేసుల వివరాలు ప్రమాణపూర్వకంగా ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ దగ్గర. ఏ గడీ ఖాళీ వదలకూడదు. ఆస్తి లేకపోతే ‘లేదు’ అని, సంబంధం లేకపోతే ‘వర్తించదు’ అని రాయాలి. రిటర్నింగ్ అధికారి గుర్తుచేసినా నింపకపోతే తిరస్కరించవచ్చు.

ఖర్చు పరిమితి రూ.40 లక్షలు. దానికి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందే. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడిపోయాం కదా, ఇక లెక్కలెందుకని వదిలేస్తే, మూడేళ్లు పోటీకి అనర్హుడిగా ప్రకటించే అధికారం ఎన్నికల సంఘానికుంది.