ఏళ్ల తరబడి ఒకే పనిని కొనసాగించడం ఎలా?

"ఏది మొదలుపెట్టినా మూడు నెలలకే వదిలేస్తున్నాను. ఏళ్ల తరబడి ఒకే పని మీద ఎలా ఉంటారు?" అని అడిగారు. నేను 2014 నుంచి ఆర్ద్ర నక్షత్రం, అంటే బెటెల్‌గ్యూస్, వెలుగును నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. నా ఉద్యోగానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

మొదట్లో నేనూ వదిలేశాను. టెలిస్కోప్ కొని, ఇరవై నక్షత్రాల జాబితా వేసుకున్నాను. మూడో వారానికల్లా చీకటి పడుతుంటేనే టెన్షన్ వచ్చేది. కొన్ని నెలల తర్వాత ఆ జాబితాలోంచి ఆర్ద్ర ఒక్కదాన్నే ఉంచుకున్నాను. అది మామూలు కంటికే కనిపిస్తుంది. బయటికొచ్చి, ఈ రోజు రోహిణి నక్షత్రం కంటే ఎక్కువ వెలుగుతోందా, తక్కువా అని చూసి ఒక లైను రాయడమే. ఒంట్లో బాగోలేని రోజు కూడా చేయగలిగినంత చిన్న పని కాబట్టే నిలిచింది. వేసవిలో ఆర్ద్ర ఆకాశంలో సూర్యుడున్న వైపే ఉండి కొన్ని వారాలు కనబడదు. ఆ సెలవుల్లో నక్షత్రాల గురించి చదువుకునేవాణ్ణి.

2017లో ఇంట్లో అనారోగ్యం వల్ల చాలా నెలలు అసలు చూడలేదు. తిరిగొచ్చాక ఆ పేజీలను ఖాళీగానే వదిలి, ఆ రోజు తేదీ వేసి మొదలుపెట్టాను. పోయిన రోజుల లెక్క సరిచేయాలని కూర్చుంటే మళ్లీ ఆగిపోయేవాణ్ణి. మీరు ఆపేసిన పనుల్లో ఒకటైనా ఇలా తిరిగి మొదలుపెట్టవచ్చేమో చూడండి.

ఐదేళ్లపాటు నా నోట్‌బుక్‌లో పెద్ద విశేషం ఏమీ లేదు. దీనివల్ల ఏం ఉపయోగమని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. 2019 చివర్లో ఆర్ద్ర మసకబారడం మొదలైంది. 2020 ఫిబ్రవరికి రోహిణి కంటే స్పష్టంగా తగ్గిపోయి, దగ్గర్లోని బెల్లాట్రిక్స్ అనే నక్షత్రంతో సమానంగా కనిపించింది. పాత పేజీలు తిరగేస్తే అంత తక్కువ ఎన్నడూ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నక్షత్రం వెదజల్లిన పదార్థం చల్లబడి ధూళిగా మారి, వెలుగును అడ్డుకుందని తర్వాత శాస్త్రవేత్తలు తేల్చారు. అది అర్థం చేసుకోవడానికే వర్ణపటాల (వెలుగును రంగులుగా విడదీసి చూపేవి) గురించి నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఎవరూ పెట్టని సిలబస్ అది.

ఇప్పుడు మీరా అనే నక్షత్రాన్ని కూడా చేర్చుకున్నాను. అది దాదాపు 332 రోజులకోసారి వెలిగి, మధ్యలో కంటికి కనబడనంతగా తగ్గిపోతుంది. పది ఆవృత్తాలు చూడాలంటే తొమ్మిదేళ్లు పైనే పడుతుంది. ప్రస్తుతం మూడోది నడుస్తోంది.