రెనొవేషన్ అయిన వెంటనే క్రూయిజ్: 8 శాతం తగ్గింపు కోసం మొదటి ట్రిప్ ఎక్కాలా?

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. ఈసారి పెళ్లిరోజుకి నేనూ మా ఆవిడా పదకొండు రాత్రుల క్రూయిజ్‌కి వెళ్దామనుకున్నాం. ఇద్దరికీ ఇదే మొదటిసారి, మళ్లీ వెళ్తామనీ లేదు. మేం ఎంచుకున్న షిప్ రెనొవేషన్ కోసం డ్రై డాక్‌కి (షిప్‌ని నీళ్లలోంచి బయటికి తీసి రిపేర్లు చేసే చోటికి) వెళ్తోంది, అక్కడి నుంచి బయటికొచ్చాక మొదటి ట్రిప్‌లో మా బుకింగ్. ఆరు వారాల తర్వాతి ట్రిప్‌తో పోలిస్తే 8 శాతం తక్కువ, పైగా ఆన్‌బోర్డ్ క్రెడిట్ (షిప్ మీద ఖర్చు పెట్టుకునే మొత్తం) ఇస్తామన్నారు. డిపాజిట్ కట్టేశాం. మిగతాది వచ్చే నెల కట్టాలి, కానీ నా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆ పై నెలలో గానీ చేతికి రాదు. ఎమర్జెన్సీకి పెట్టుకున్న డబ్బుతో ఇప్పుడు కట్టేసి, తర్వాత మళ్లీ నింపేద్దామని ఆలోచన. విమానం టికెట్లు ఇంకా కొనలేదు. ఏమంటారు?

జవాబు: మాస్టారూ, సూటిగా చెప్తాను. ఆ మొదటి ట్రిప్ వదిలేయండి. షిప్ మార్చక్కర్లేదు, ఆరు వారాల తర్వాతి ట్రిప్‌కి బుకింగ్ మార్చుకోండి. ఫైనల్ పేమెంట్ ఇంకా కట్టలేదు, విమానం టికెట్లు కొనలేదు కాబట్టి ఇప్పుడైతే తక్కువ ఖర్చుతో బయటపడతారు. వచ్చే నెల దాటితే ఈ వెసులుబాటు ఉండదు.

ముందు ఆ 8 శాతం సంగతి చూద్దాం. అది దేని మీద తగ్గింపు? మామూలుగా మూల ధర మీదే ఇస్తారు. పోర్ట్ ఫీజులు, పన్నులు, రోజుకింత అని వేసే టిప్పులు ఏ ట్రిప్‌కైనా అలాగే ఉంటాయి. మీ మొత్తం ఖర్చు 100 అనుకోండి, అందులో క్రూయిజ్ టికెట్ 55, విమానాలు 25, ముందూ వెనకా హోటళ్లు, వీసాలు, ఇన్సూరెన్స్, ఇతరత్రా కలిపి 20. (మీ అసలు అంకెలు నాకు తెలియవు, ఈ చోట మీవి పెట్టి చూసుకోండి.) 55 మొత్తం మీద ఇచ్చారనుకున్నా 8 శాతం అంటే 4.4. అంటే మీరు ఇంత హైరానా పడుతున్నది వందలో నాలుగున్నర కోసం.

ఇక రెండో వైపు. ఏదో కారణంగా డ్రై డాక్ పని ఆలస్యమై ఆ ట్రిప్ రద్దయిందనుకోండి, కంపెనీ టికెట్ డబ్బు తిరిగిస్తుంది. కానీ మీరు విడిగా కొన్న విమానం టికెట్లు, హోటల్, వీసా ఫీజులు వాళ్ల బాధ్యత కాదు. కొన్ని కంపెనీలు టికెట్ మార్పు ఖర్చు కొంతవరకు ఇస్తాయి, అది వాళ్ల దయ, కాంట్రాక్టులో హామీ కాదు. క్రూయిజ్ టికెట్ కాక మిగిలిన ఆ 45లో 30 పోయిందనుకుంటే, నాలుగున్నర లాభం కోసం ముప్పై పణంగా పెట్టినట్టు. లెక్క ప్రకారం రద్దయ్యే అవకాశం సుమారు ఎనిమిదింటిలో ఒకటి కంటే తక్కువగా ఉంటే మొదటి ట్రిప్పే లాభం. నిజం చెప్పాలంటే అంత తరచుగా రద్దు కావు, చాలా షిప్‌లు చెప్పిన రోజుకే బయల్దేరతాయి. ఏటా రెండు మూడు క్రూయిజ్‌లకి వెళ్లేవాళ్లు ఎవరైనా ఇదే అడిగితే, ఈ ఒక్క లెక్క చూసుకుని వెళ్లిరమ్మనే చెప్తాను, ఒకసారి పోయినా ఇంకోసారి కలిసొస్తుంది. మీకు ఆ ఇంకోసారి లేదు. పైగా నా అసలు భయం రద్దు గురించి కాదు.

డ్రై డాక్ ఎలా నడుస్తుందో తెలిస్తే నా భయమేంటో అర్థమవుతుంది. ప్రయాణికుల నౌకలకి అంతర్జాతీయ భద్రతా నిబంధనల ప్రకారం డ్రై డాక్‌లో అడుగుభాగం తనిఖీలు జరగాలి, మామూలుగా ఐదేళ్లలో రెండుసార్లు. షిప్‌ని నీళ్లలోంచి తీసి, అడుగున పేరుకున్నదంతా గీకి, రంగు వేసి, ప్రొపెల్లర్లూ వాటి బేరింగులూ చూసి సర్టిఫికెట్ తెచ్చుకోవడం మొదటి పని. కొత్త రెస్టారెంట్లు, కార్పెట్లు, పరుపులు అన్నీ ఆ రెండు మూడు వారాల్లోనే పక్కన జరిగే పని. పెద్ద క్రూయిజ్ షిప్‌లు పట్టే డాక్‌లు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. స్పెయిన్‌లో కాడిజ్, ఫ్రాన్స్‌లో మార్సే, బహామాస్‌లో ఫ్రీపోర్ట్, సింగపూర్, ఇలా. వాటిలో చోటు చాలా ముందే బుక్ చేసుకోవాలి, మీ షిప్ వెనకాల ఇంకో షిప్ వచ్చి నిలబడుతుంది. అందుకని పని అయినా కాకపోయినా బయటికి రావాల్సిన రోజు వచ్చేస్తుంది. నీళ్లలో చేయలేని అడుగుభాగం పని ముందు పూర్తిచేస్తారు. నడిసముద్రంలోనైనా చేయగలిగింది మిగిల్చుకుంటారు. ఆ మిగిలిపోయేది ఏంటో తెలుసా, సరిగ్గా ప్రయాణికుడు డబ్బు కట్టి వాడుకునే భాగం. లోపలి భాగం.

ఇంట్లో మనుషులుండగా రంగులు వేయించుకున్నవాళ్లకి ఇది బాగా తెలుసు, మేస్త్రీ చెప్పిన తేదీకి ఇల్లు మన చేతికొస్తుంది, పని మాత్రం ఇంకో పది రోజులు నడుస్తుంది. షిప్‌లోనూ అంతే, కాంట్రాక్టర్ల మనుషులు కొందరు మొదటి ట్రిప్‌లో మీతోపాటే ప్రయాణం చేస్తారు. కారిడార్లో కొత్త కార్పెట్ మీద ప్లాస్టిక్ పొర ఇంకా తీసుండరు, నడుస్తుంటే కాలికి అంటుకుని చరచరమంటుంది. లిఫ్ట్ దగ్గర జిగురు వాసన. బాల్కనీ క్యాబిన్ తీసుకున్నవాళ్లకి తలుపు మీద చీటీ ఉంటుంది, ఫలానా టైమ్ నుంచి ఫలానా టైమ్ దాకా బయట రైలింగ్‌కి రంగు వేస్తున్నాం, తలుపు తీయొద్దు అని. మధ్యాహ్నం కాస్త నడుం వాలుద్దామంటే పై డెక్ మీద డ్రిల్లింగ్. ఇవన్నీ ప్రతి షిప్‌లోనూ ఉంటాయని అనను, కొన్ని అద్దంలా బయటికొస్తాయి. కానీ ఉంటే మాత్రం మీకు రీఫండ్ రాదు, ఎందుకంటే ప్రయాణం జరిగింది, భోజనం పెట్టారు, పోర్టులు చూపించారు. స్పా మూసి ఉందనో, ప్రకటనలో చూపించిన కొత్త రెస్టారెంట్ తెరవలేదనో డబ్బు వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం.

పెద్ద కంపెనీలకే ఇలా జరిగింది. కార్నివాల్ కంపెనీ 2013లో డెస్టినీ అనే షిప్‌ని 155 మిలియన్ డాలర్లు పెట్టి సన్‌షైన్‌గా మార్చింది, పని సాగి సాగి రెండు ట్రిప్‌లు రద్దు చేయాల్సొచ్చింది. 2019 ఏప్రిల్ 1న ఫ్రీపోర్ట్ డాక్‌లో ఉండగా రాయల్ కరీబియన్ కంపెనీ షిప్ ఒయాసిస్ ఆఫ్ ద సీస్ మీద క్రేన్ పడింది, మూడు ట్రిప్‌లు రద్దు, షిప్ రిపేరుకి కాడిజ్ దాకా వెళ్లింది. డాక్‌కి వెళ్లే ముందు ట్రిప్‌లూ ఒక్కోసారి ఇంతే. 2018 మార్చిలో నార్వీజియన్ సన్ అనే షిప్ పనామా కాలువ మీదుగా వెళ్తుండగా ప్రయాణికులు షిప్‌లో ఉండగానే పనులు మొదలుపెట్టారు, దుమ్ము, వాసన, మూసేసిన డెక్‌లు. జనం గొడవ చేస్తే మొదట 25 శాతం, తర్వాత కట్టిన టికెట్ మొత్తానికీ సమానంగా క్రెడిట్ ఇచ్చారు. క్రెడిట్ అన్న మాట గమనించండి, నగదు కాదు. అదే కంపెనీలో, గడువులోపు, ఇంకోసారి విమానం ఖర్చు పెట్టుకుని వెళ్తేనే ఆ డబ్బుకి విలువ. ఏటా వెళ్లేవాళ్లకి అది డబ్బే. జీవితంలో ఒక్కసారి వెళ్దామనుకున్న మీ ఇద్దరికి అది కాగితం.

మీకు ఇస్తామన్న ఆన్‌బోర్డ్ క్రెడిట్ కూడా దాదాపు అలాంటిదే. షిప్ మీదే ఖర్చు పెట్టాలి, ఆఖరి రాత్రికి మిగిలింది చాలావరకు పోతుంది. దాన్ని తగ్గింపులో కలిపి లెక్కేయకండి. ఎలాగూ కొనబోయే వైఫై ప్యాకేజీ, ఒక పోర్ట్ టూరు లాంటివాటికి వాడగలిగితే అంతవరకే దాని విలువ.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది చూసుకోరు. డాక్ ఉన్నది ఒక ఖండంలో, షిప్ మామూలుగా తిరిగేది ఇంకో ఖండంలో అయితే ఆ మొదటి ట్రిప్ షిప్‌ని చోటు మార్చే ప్రయాణం. ఒక దేశంలో ఎక్కి ఇంకో దేశంలో దిగుతారు, మధ్యలో సముద్రం మీదే రోజులు గడుస్తాయి, ధర తగ్గడానికి సగం కారణం అదే. అప్పుడు విమానం టికెట్లు వెళ్లేదొక ఊరికి, తిరిగొచ్చేది ఇంకో ఊరి నుంచి. ఈ రెండు టికెట్ల ధర, ఒకే ఊరికి రానూపోనూ ధర పక్కపక్కన పెట్టి చూడండి. ఆ 4.4 ఇక్కడే హరించుకుపోవచ్చు.

ఇన్సూరెన్స్ ఉందిగా అంటారేమో. ట్రావెల్ పాలసీ అనారోగ్యానికి, ఆస్పత్రి ఖర్చుకి, సామాను పోవడానికి. చప్పుడు, వాసన, మూసిన స్విమ్మింగ్ పూల్ మామూలు పాలసీల్లో క్లెయిమ్ కిందికి రావు. ఏ కారణానికైనా రద్దు చేసుకోవచ్చనే పాలసీలు కొన్ని దేశాల్లో అమ్ముతారు, అవి కూడా సాధారణంగా 50 నుంచి 75 శాతమే ఇస్తాయి, మొదటి డిపాజిట్ కట్టిన రెండు మూడు వారాల్లోపే కొనాలి. మీ వయసుకి సముద్రం మీద వైద్యం, అక్కడి నుంచి ఆస్పత్రికి తరలింపు కవర్ అయ్యే పాలసీ మాత్రం తప్పనిసరి, అది ఏ ట్రిప్‌కి వెళ్లినా.

చట్టం కొంత కాపాడుతుంది, మొత్తం కాదు. అమెరికా పోర్టుల నుంచి బయల్దేరే ట్రిప్‌లకి 2022 నుంచి ఒక నిబంధన ఉంది, ట్రిప్ రద్దయినా, ఎక్కడం మూడు రోజులో అంతకన్నా ఎక్కువో ఆలస్యమైనా, వెళ్లనంటే రీఫండ్ ఇవ్వాలి. ఐరోపా యూనియన్లో ప్యాకేజీగా కొంటే, చెప్పింది చెప్పినట్టు ఇవ్వనప్పుడు ధర తగ్గించమని అడిగే హక్కుంది. అంటే ఏ దేశంలో, ఎవరి దగ్గర కొన్నారన్నదాన్ని బట్టి మీ హక్కు మారుతుంది. విమానం, హోటల్, క్రూయిజ్ ఒకే ప్యాకేజీగా దొరికితే, ధర కాస్త ఎక్కువైనా నేను అటే మొగ్గుతాను, తేదీ జారితే మార్పుల తలనొప్పి మీది కాకుండా వాళ్లది అవుతుంది.

ఇప్పుడు ఎమర్జెన్సీ డబ్బు. దాని జోలికి వెళ్లొద్దు. ఒక్క నెలేగా అనిపిస్తుంది, కానీ ఆ ఒక్క నెలలో ఏం జరుగుతుందో మనకి తెలియదు కాబట్టే కదా ఆ డబ్బు విడిగా పెట్టుకున్నది. రిటైరైన వయసులో ఆస్పత్రి ఖర్చు చెప్పి రాదు. పైగా కంపెనీ ట్రిప్ రద్దు చేస్తే ఆ డబ్బు వెంటనే రాదు, వారాలు పట్టొచ్చు, అప్పటిదాకా మీ ఎమర్జెన్సీ ఖాతా ఖాళీ. ఫిక్స్‌డ్ డిపాజిట్ మధ్యలో తీస్తే వడ్డీలో కోత, అదీ వద్దు. చూడండి, ట్రిప్ ఆరు వారాల తర్వాతికి జరిగితే ఫైనల్ పేమెంట్ గడువూ సుమారు ఆరు వారాలు జరుగుతుంది. మీ ఫిక్స్‌డ్ డిపాజిట్ బహుశా ఆ లోపే చేతికొస్తుంది. వందలో నాలుగున్నర ఎక్కువ కట్టి ఈ టెన్షన్ మొత్తం వదిలించుకుంటున్నారు, నా దృష్టిలో ఇది చవక బేరం.

ఈ వారమే ఏజెంటుకి మెయిల్ పెట్టండి. ఫోన్లో అడిగితే అన్నీ అవునంటారు, నోటిమాట నీటిమూట. అడగాల్సింది ఇది: మేం కట్టిన డిపాజిట్ రీఫండ్ వచ్చే రకమా, రాని రకమా, తర్వాతి ట్రిప్‌కి మారిస్తే మనిషికి ఎంత ఫీజు, కొత్త ఫైనల్ పేమెంట్ తేదీ ఏది. అలాగే రెనొవేషన్‌లో మా డెక్, మా క్యాబిన్ ఉన్నాయా, ఉంటే ఏం మారుస్తున్నారు. చాలాసార్లు రెనొవేషన్ అంటే రెస్టారెంట్లకీ పై డెక్‌లకీ హంగులు, క్యాబిన్లో కార్పెట్, పరుపు, మంచం పక్కన నాలుగు ఛార్జింగ్ ప్లగ్గులు మాత్రమే, బాత్రూమ్ పాతదే ఉంటుంది. కొత్తగా పెట్టే రెస్టారెంట్లలో కొన్ని విడిగా డబ్బు కట్టాల్సినవి కూడా. కొన్ని షిప్‌లలో క్యాబిన్లు పెంచుతారు, అంటే అదే స్థలంలో ఎక్కువమంది. షిప్ కొత్తగా ఉంటుందనే ఆశతోనే ఎక్కువ కడుతున్నట్టయితే ఈ సమాధానం వచ్చాకే నిర్ణయించుకోండి.

మార్పు ఫీజు ఇద్దరికీ కలిపి టికెట్ ధరలో పదో వంతు దాటితే నా సలహా మారుతుంది. అప్పుడు మొదటి ట్రిప్‌కే వెళ్లండి, కానీ మార్చుకునే వీలున్న విమానం టికెట్లు, రద్దు చేసుకోగలిగిన హోటల్ మాత్రమే తీసుకోండి, బాల్కనీకి అదనంగా డబ్బు పోయకుండా కింద, డెక్ పనులకి దూరంగా ఉండే మధ్య భాగం క్యాబిన్ అడగండి. ఫైనల్ పేమెంట్‌కి మాత్రం ఎమర్జెన్సీ ఖాతా బదులు మీ ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద బ్యాంకు ఇచ్చే చిన్న లోన్ తీసుకోండి, ఒక నెల వడ్డీ పోతుంది, డిపాజిట్ రాగానే తీర్చేయండి.