పుల్లూరు టోల్‌గేట్ దగ్గర మూడు గంటలు

"రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటింది. హైదరాబాద్‌లో ఉంటున్న ఏపీ వాళ్లకు సరిహద్దు వల్ల నిజంగా ఏమైనా తేడా తెలిసిందా? రెండు రాష్ట్రాలు కలిసి పనిచేయడం కుదిరే పనేనా?" అని అడిగారు. మాది కర్నూలు. ఇరవై రెండేళ్లుగా అత్తాపూర్‌లో ఉంటున్నాను. నేను చూసింది చెప్తాను.

మామూలు రోజుల్లో తేడా ఏమీ తెలియదు. ఆరాంఘర్ చౌరస్తాలో కర్నూలు బస్సు ఎక్కితే రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, నాలుగు గంటల్లో ఇల్లు. తుంగభద్ర వంతెన రాగానే 'ఊరొచ్చేసింది' అని బ్యాగులు దించుకుంటామే తప్ప, 'రాష్ట్రం మారింది' అని ఎవరికీ తట్టదు. 2014 జూన్ 2 తర్వాత ఏడేళ్లు నాకూ తట్టలేదు.

2021 మే నెలలో తెలిసింది. మా మేనమామకు కరోనా వచ్చింది. కర్నూలులో ఎక్కడా ఐసీయూ బెడ్ దొరకలేదు, హైదరాబాద్‌లో తెలిసిన డాక్టర్ ఒకాయన "తీసుకొచ్చేయండి, చూద్దాం" అన్నారు. నేను అంతకు రెండు రోజుల ముందే ఊరికి వెళ్లి ఉన్నాను కాబట్టి అంబులెన్సులో మామతో పాటు నేనూ, అత్తా ఎక్కాం. ఆ రోజు మే 14, రంజాన్ పండుగ. తెల్లవారుజామున వంతెన దాటాం. పుల్లూరు టోల్‌గేట్ దగ్గర తెలంగాణ పోలీసులు ఆపేశారు. మా ముందు అప్పటికే వరసగా అంబులెన్సులు. అప్పుడప్పుడే తెలంగాణలో కొత్త నిబంధన వచ్చింది. బయటి రాష్ట్రం నుంచి వచ్చే పేషెంటుకు హైదరాబాద్ ఆసుపత్రి ముందే బెడ్ ఇచ్చినట్టు ఉండాలి, ఆ వివరాలతో అనుమతి తీసుకుని రావాలి. మా దగ్గర ఉన్నది డాక్టర్ ఫోన్లో అన్న మాట ఒక్కటే.

నేను ఆ మూడు గంటలూ చూసింది సిలిండర్ మీది మీటరునే. ఆక్సిమీటర్‌లో 84 చూపిస్తోంది, ఒక్కోసారి 82. మీటరులో ముల్లు మెల్లగా ఎర్రగీత వైపు జరుగుతోంది. డ్రైవర్ రెండుసార్లు వెనక్కి వచ్చి నాబ్ కొంచెం తిప్పి తగ్గించాడు, అంకె పడిపోగానే మళ్లీ పెంచాడు. "హైదరాబాద్ దాకా లెక్కేసి తెచ్చినాను సార్, ఇక్కడ నిలబడేదానికి కాదు" అన్నాడు. అత్త ఏడవలేదు. మామ అరికాళ్లు రుద్దుతూ కూర్చుంది.

అత్తాపూర్‌లో మా ఆవిడ ఆసుపత్రికి పరిగెత్తింది. కౌంటర్ దగ్గర నిలబడి, బతిమాలి, బెడ్ నంబర్ వేసి సంతకం చేసిన లెటర్ రాయించుకుంది. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. ఈలోగా హైదరాబాద్‌లో పేషెంటును దించి తిరిగి వస్తున్న ఒక అంబులెన్సు అవతలి వైపు ఆగింది. నంబర్ ప్లేటు టీఎస్. మా డ్రైవర్ వెళ్లి మాట్లాడాడు. అతను తన బండిలో మిగిలిన సిలిండర్ దించి ఇచ్చాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "కర్నూల్ స్టాండ్‌ల ఇయ్యి, మావోళ్లు వస్తుంటరు" అని మా డ్రైవర్‌తో అని వెళ్లిపోయాడు. పేరు అడగాలన్న ధ్యాస కూడా లేదు నాకు.

లెటర్ చూపించాక వదిలారు. ఆ నిబంధన మీద తెలంగాణ హైకోర్టు ఆ రోజే స్టే ఇచ్చింది. మామ పదహారు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డారు.

ఇది రాసింది ఒక రాష్ట్రాన్ని తిట్టడానికి కాదు. ఆ నెలలో హైదరాబాద్ వాళ్లకే బెడ్లు లేవు, వాళ్ల భయం వాళ్లది. నా బాధ వేరు. కర్నూలు పెద్దాసుపత్రిలో ఏ వార్డుకు వెళ్లినా తెలంగాణ వైపు అలంపూర్, గద్వాల వాళ్లు కనిపిస్తారు. అలంపూర్‌కు దగ్గరి పెద్ద ఊరు కర్నూలే మరి. మేం గుండెకూ కిడ్నీకీ హైదరాబాద్ వస్తాం, వాళ్లు కాన్పులకూ జ్వరాలకూ కర్నూలు వెళ్తారు. ఈ రాకపోకలు రాష్ట్రాలు పుట్టకముందు నుంచీ ఉన్నవే. పేషెంటు సరిహద్దు గీత దాటాల్సి వస్తే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి అనేది ఒక్క పేజీ కాగితం మీద ముందే రాసుకుని ఉంటే, మా ఆవిడ ఆ ఉదయం కౌంటర్ దగ్గర బతిమాలాల్సిన పని ఉండేది కాదు.

గీత పడటం వల్లే గొడవలన్నీ వచ్చాయనే మాట కూడా నేను ఒప్పుకోను. తుంగభద్ర మీది రాజోలిబండ ఆనకట్ట సంగతి చూడండి. ఆనకట్ట కర్ణాటకలో ఉంది, ఆయకట్టులో దాదాపు అంతా ఇటు గద్వాల, అలంపూర్ వైపు. సుమారు 87,500 ఎకరాలు. ఆ నీళ్ల మీద పాలమూరుకీ కర్నూలుకీ మధ్య తగాదా రెండు జిల్లాలూ ఒకే రాష్ట్రంలో ఉన్నప్పుడే ఉంది. గీత లేకపోయినా కాలువ చివరి పొలానికి నీళ్లు రాలేదు.

కలిసి పనిచేయడం కుదురుతుందా అని అడిగారు కదా, దానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ కూడా అదే నది మీద ఉంది. హోసపేట దగ్గర తుంగభద్ర డ్యామ్‌ను చూసుకునేది రాష్ట్రాలకు ఉమ్మడిగా ఉన్న తుంగభద్ర బోర్డు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి బళ్లారి మైసూరుకు వెళ్లినప్పుడు పెట్టారు. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యామ్ 19వ గేటు చైన్ తెగి కొట్టుకుపోయింది. నీళ్లు అలా పోతూనే ఉంటే కర్ణాటక, సీమ, తెలంగాణ రైతులు ముగ్గురికీ పంట లేదు. అప్పుడు మన తెలుగాయన, గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారు అక్కడికి వెళ్లారు. పారుతున్న నీళ్లలోనే ఒకదాని మీద ఒకటి ఉక్కు పలకలు దించి, వారంలోపే ఆ ఖాళీ మూయించారు. ఆ వారం టీవీ ముందు నుంచి మా నాన్న లేవలేదు. మాకు తుంగభద్ర నీళ్లు పారే కేసీ కాలువ కింద మూడెకరాలుంది. ఆ ఏడు వరి చేతికొచ్చింది.

పక్కనే ఇంకో దృశ్యం. 2023 నవంబర్ చివర్లో, తెలంగాణలో పోలింగ్ రోజున, నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. 26 గేట్లలో 13 మావంటూ ఏపీ వైపు కంచె వేశారు. చివరికి కేంద్ర బలగాలు రావాల్సి వచ్చింది. కృష్ణాకూ 2014 విభజన చట్టం కింద బోర్డు పెట్టారు, కానీ డ్యామ్ తాళాలు ఇప్పటికీ పూర్తిగా దాని చేతికి రాలేదు. తుంగభద్ర బోర్డు చేతిలో గేటు ఉంది, మనుషులున్నారు, ఖర్చు ఎవరు ఎంత పెట్టాలో రాసి ఉంది. నాకు కనిపించే తేడా అదే.

చదువుల విషయం క్లుప్తంగా చెప్తాను. రెండు రాష్ట్రాల్లో ఉమ్మడి కాలేజీ ప్రవేశాలకు విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. పిల్లలు ఏ రాష్ట్రంలో ఎన్నేళ్లు చదివారో స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే సర్ది పెట్టుకోండి, ఇంటర్ అయ్యాక వెతుక్కుంటే టెన్షన్.

మా మరదలి కూతుర్ని అలంపూర్‌లో ఇచ్చాం. ఇప్పుడు ఏడో నెల. చూపించుకునేది కర్నూలులోనే. నొప్పులు ఏ అర్ధరాత్రో మొదలైతే తనూ అదే టోల్‌గేట్ దాటి, అదే వంతెన మీదుగా, ఈసారి తెలంగాణ నుంచి ఆంధ్రాకు వెళ్లాలి.