ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఆఫీసువాళ్లకు తెలియదా?

తెలుస్తుంది, క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో తెరిచినా, ఆఫీసు నెట్‌వర్క్ మీద మీరు ఏ సైటుకు వెళ్లారో ఆఫీసువాళ్లు చూడగలరు. ఆ మోడ్ చేసే పని చాలా చిన్నది. విండో మూసేయగానే హిస్టరీ, కుకీలు (సైట్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడానికి దాచే చిన్న ఫైళ్లు) మీ కంప్యూటర్‌లో మిగలకుండా తుడిచేస్తుంది, అంతే. మీరు అడిగిన పేజీ మాత్రం ఎప్పటిలాగే ఆఫీసు వైఫై మీదుగానే రావాలి. ల్యాప్‌టాప్‌లో నిఘా సాఫ్ట్‌వేర్ ఉంటే స్క్రీన్ మీదున్నదీ కనిపించవచ్చు.

ఉదాహరణకు, భోజనం వేళ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇన్‌కాగ్నిటో తెరిచి వేరే ఉద్యోగాలు వెతికారనుకోండి. తర్వాత పక్క సీటతను హిస్టరీ చూస్తే ఏమీ దొరకదు. ఐటీ టీమ్ లాగ్‌లో మాత్రం ఆ సైటు పేరు, టైముతో సహా ఉండొచ్చు. ఇలాంటి పనికి సొంత ఫోను, సొంత డేటా వాడటమే మంచిది.

చాలామంది పొరబడేది ఇంకొకటి: ఇన్‌కాగ్నిటోలో ఉంటే గూగుల్‌కు కూడా కనబడం అనుకోవడం. దీనిమీదే 2020లో అమెరికాలో గూగుల్‌పై కేసు పడింది. 2024లో రాజీకి వచ్చి, వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి, ఏ సమాచారం తీసుకుంటుందో స్పష్టంగా చెప్పడానికి కంపెనీ ఒప్పుకుంది. నిజానికి ఇన్‌కాగ్నిటో తెరవగానే కనిపించే ఆ టోపీ, కళ్లజోడు బొమ్మ చూస్తే ఎవరైనా అలాగే నమ్ముతారు. తప్పంతా వాడేవాళ్లదే అనడం న్యాయం కాదు.