సీసపు తూకం రాళ్లు

ప్రశ్న: మా తాతగారి కిరాణా కొట్టు తూకం రాళ్లకి అడుగున గుంటలో సీసం, దాని మీద ముద్ర ఉన్నాయి. పాతకాలం గ్రీకులు రాళ్లే సీసంతో పోసేవారట, నిజమేనా? అంత మెత్తటి లోహం గీకేస్తే మోసమేగా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నిజమేనండీ. ఏథెన్స్ పాత అంగడి, అంటే అగోరా తవ్వకాల్లో ఇలాంటివి చాలా దొరికాయి, ఎక్కువగా పలకల్లా నలుచదరంగా ఉంటాయి. చదువు రానివాళ్లకీ తెలిసేలా వాటి మీద బొమ్మలు: మినా, స్టేటర్ వాళ్ల తూకం కొలతలు; మినాకి డాల్ఫిన్, స్టేటర్‌కి ఆటల్లో పాచికలా వేసే మడమ ఎముక, స్టేటర్‌లో పావుకి తాబేలు. ఎంత బాగుందో చూడండి! మోసం భయం వాళ్లకీ ఉంది, అందుకే తనిఖీకి చీటీ వేసి పదిమందిని ఎంచుకునేవారు, ఊళ్లో అయిదుగురు, రేవులో అయిదుగురు.

ఇప్పుడు వీటి అసలు తూకం తేల్చడమే కష్టం. సీసం మట్టిలో ఉంటే తెల్లటి పొర కట్టి బరువు పెరుగుతుంది, అంచు విరిగితే తగ్గుతుంది, కాబట్టి ఒక్క రాయిని కాటా మీద పెట్టి ఇదే తూకం అనలేం. ఒకే బొమ్మ ఉన్నవాటిలో బాగా నిలిచినవి ఏరి, పోల్చి చూడాలి. పురావస్తు పరిశోధకులు మేబెల్ లాంగ్, మార్గరెట్ క్రాస్బీ 1964లో అచ్చువేసిన అగోరా తూకం రాళ్ల జాబితా ఇప్పటికీ పనికొస్తోంది.

మీ తాతగారి రాళ్లని మాత్రం తోమకండి, ముద్ర అరిగిపోతుంది.